పెద్ద ధమనులలో రక్త ప్రవాహానికి గణిత నమూనాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గణిత నమూనా అని దేనిని అంటున్నాం? పెద్ద ధమనులు అంటే ఏవి?

ధమనిలో ఒక చోట, ఒక క్షణంలో పీడనం ఎంత, రక్తం వేగం ఎంత, గోడ ఎంత సాగింది అనే మూడింటినీ సమీకరణాలతో ముడిపెట్టి, గుండె నుంచి వచ్చే ప్రవాహం తెలిస్తే మిగిలినవి లెక్కగట్టగలిగేలా చేసే ఏర్పాటును ఇక్కడ గణిత నమూనా అంటున్నాం. సుమారు 2.5 సెంటీమీటర్ల వ్యాసం గల బృహద్ధమని, మెడలో 6 నుంచి 7 మిల్లీమీటర్ల వ్యాసంతో పైకి వెళ్లే కెరోటిడ్ ధమనులు, తొడలోని ఫిమోరల్ ధమని, గుండె కండరానికే రక్తాన్ని అందించే 3 నుంచి 4 మిల్లీమీటర్ల కరోనరీ ధమనులు పెద్ద ధమనుల కిందికి వస్తాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వీటి పొడవునా సగటు పీడనం చాలా స్వల్పంగానే తగ్గుతుంది. ప్రవాహానికి అసలు నిరోధం వీటి తరువాత వచ్చే సన్నని ధమనికలలో ఉంటుంది. ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకుంటే కింది జవాబులలో చాలా భాగం సులువుగా బోధపడుతుంది.

రక్తంలో కణాలు ఉంటాయి కదా, దానిని మామూలు ద్రవంగా ఎలా లెక్కిస్తారు?

ఎర్ర రక్తకణం వ్యాసం సుమారు 8 మైక్రోమీటర్లు. 6 మిల్లీమీటర్ల ధమనికి అడ్డంగా ఈ కణాలను వరుసగా పేర్చితే 750 పడతాయి. అంత తేడా ఉన్నప్పుడు విడివిడి కణాలను పట్టించుకోకుండా, రక్తాన్ని ఎక్కడా తెగని ఒకే ద్రవంగా చూడడంలో తప్పు లేదు. దాని సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1060 కిలోగ్రాములు. శరీర ఉష్ణోగ్రత దగ్గర స్నిగ్ధత 3 నుంచి 4 మిల్లీపాస్కల్ సెకన్లు, అంటే అదే ఉష్ణోగ్రత దగ్గర నీటి స్నిగ్ధతకు దాదాపు ఐదు రెట్లు.

స్నిగ్ధత స్థిరంగా ఉంటుందన్న ఊహ మాత్రం అన్నిచోట్లా చెల్లదు. ప్రవాహపు పొరలు ఒకదాని మీద ఒకటి జారే రేటు సెకనుకు 100 కంటే ఎక్కువగా ఉన్నంతవరకు రక్తం న్యూటోనియన్ ద్రవంలాగే, అంటే స్నిగ్ధత మారని ద్రవంలాగే ప్రవర్తిస్తుంది. ఆ రేటు బాగా తగ్గినప్పుడు ఎర్ర కణాలు నాణేల దొంతరలలా ఒకదానికొకటి అంటుకుంటాయి, స్నిగ్ధత పెరుగుతుంది. అన్యూరిజంలో, అంటే ధమని గోడ ఉబ్బి ఏర్పడిన సంచిలో, రక్తం మెల్లగా తిరిగే చోట ఈ మార్పును కాసన్ నమూనాతో గానీ కరో నమూనాతో గానీ లెక్కలోకి తీసుకోవలసి వస్తుంది. నాళం వ్యాసం 0.3 మిల్లీమీటర్ల కంటే తగ్గితే కథ అడ్డం తిరుగుతుంది: నాళం సన్నబడే కొద్దీ రక్తం స్నిగ్ధత తగ్గినట్లు కనిపిస్తుంది. 1931లో ఫారియస్, లిండ్‌క్విస్ట్ గమనించిన ఈ ప్రభావం పెద్ద ధమనుల లెక్కలలోకి రాదు.

గొట్టంలో ప్రవాహానికి ప్వాజోయ్ సూత్రం ఉండగా మరొకటి ఎందుకు?

ప్వాజోయ్ స్వయంగా వైద్యుడు. రక్త ప్రవాహం మీది ఆసక్తితోనే 1840 ప్రాంతంలో సన్నని గాజు గొట్టాలతో ప్రయోగాలు చేశాడు. ప్రవాహం వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి అనులోమంగా ఉంటుందన్న ఆయన ఫలితం నేటికీ ఈ రంగానికి పునాది. అయితే ఆ సూత్రం నిలకడగా సాగే ప్రవాహానికి వర్తిస్తుంది. ధమనిలో ప్రవాహం ప్రతి స్పందనలోనూ ఎగసి పడుతుంది.

నిలకడ లేకపోవడం ఎంత ముఖ్యమో చెప్పే కొలమానం వోమర్స్లీ సంఖ్య. నాళం వ్యాసార్ధాన్ని, ఒక స్పందన కాలంలో స్నిగ్ధత ప్రభావం గోడ నుంచి లోపలికి వ్యాపించగల దూరంతో పోల్చి చూసేదే ఆ సంఖ్య. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండె విషయంలో అది బృహద్ధమనికి దాదాపు 19, కెరోటిడ్‌కు 4 నుంచి 5 వస్తుంది. విలువ 1 కంటే తక్కువైతే ప్రతి క్షణానా ప్వాజోయ్ పరవలయం, అంటే నడుమ గరిష్ఠమై గోడ దగ్గర సున్నా అయ్యే వేగపు రేఖ, నిలుస్తుంది. 19 దగ్గర గోడను ఆనుకుని ఒక పలుచని పొరలోనే స్నిగ్ధత తెలుస్తుంది, నడుమ భాగమంతా ఒకే దిమ్మెలా ముందుకూ వెనక్కూ కదులుతుంది, పీడన ప్రవణత మారిన చాలాసేపటికి గానీ ప్రవాహం దారిలోకి రాదు. స్పందన చివర్లో నడిమి రక్తం ఇంకా ముందుకు పోతుండగానే గోడ దగ్గరి రక్తం వెనుదిరగడం కూడా ఇందువల్లనే. ఈ పరిష్కారాన్ని 1955లో వోమర్స్లీ బెస్సెల్ ప్రమేయాలతో రాసి ఇచ్చాడు. ఇప్పటికీ కొత్త ప్రోగ్రామును పరీక్షించడానికి అంతకంటే మంచి గీటురాయి లేదని నా నమ్మకం.

బృహద్ధమనిలో ప్రవాహం సంక్షుబ్ధంగా మారుతుందా?

ప్రవాహపు జడత్వాన్ని స్నిగ్ధతతో పోల్చేది రేనాల్డ్స్ సంఖ్య; అది పెరిగేకొద్దీ ప్రవాహం క్రమం తప్పి సుడులుగా చెదిరే, అంటే సంక్షుబ్ధమయ్యే అవకాశం ఎక్కువ. నిమిషానికి 5 లీటర్ల సగటు ప్రవాహానికి బృహద్ధమనిలో ఈ సంఖ్య సుమారు 1300. గుండె ముడుచుకునే వేళ శిఖర విలువ అనేక వేలకు చేరుతుంది. ఆ ఉధృతి కొద్ది క్షణాలే ఉంటుంది కాబట్టి ఆరోగ్యవంతులలో పూర్తి సంక్షోభం ఏర్పడేలోపే వేగం తగ్గిపోతుంది. కవాటం ఇరుకైనప్పుడు, ధమని లోపల కొవ్వు పేరుకున్నప్పుడు మాత్రం ఇరుకు దాటిన తరువాత ప్రవాహం చెదిరిపోతుంది. స్టెతస్కోపులో వినిపించే గరగర శబ్దం దాని నుంచే వస్తుంది.

గుండె ఆగి ఆగి రక్తాన్ని నెడుతుంటే పీడనం సున్నాకు ఎందుకు పడిపోదు?

అతి సరళమైన నమూనా జవాబు చెప్పేది ఈ ప్రశ్నకే. 1733లో స్టీఫెన్ హేల్స్, సాగే గుణం ఉన్న ధమనులను ఆనాటి అగ్నిమాపక యంత్రంలోని గాలి గదితో పోల్చాడు: పంపు ఆగి ఆగి కొట్టినా గాలి గది వల్ల నీటి ధార తెగకుండా వస్తుంది. 1899లో ఒట్టో ఫ్రాంక్ ఈ పోలికను సమీకరణంగా మార్చాడు. గాలి గదికి జర్మన్ భాషలో ఉన్న విండ్‌కెసెల్ అన్న పేరే నమూనాకూ స్థిరపడింది.

ఇందులో రెండు రాశులే ఉంటాయి: ధమనులన్నింటి సాగుదల ఒకటి, చివరి నాళాల నిరోధం మరొకటి. గుండె పంపిన రక్తంలో కొంత ధమనులను ఉబ్బించి నిలవ ఉంటుంది, మిగిలినది నిరోధం గుండా ముందుకు వెళుతుంది. కవాటం మూసుకున్నాక నిలవ ఉన్న రక్తమే మెల్లగా ఖాళీ అవుతుంది కాబట్టి పీడనం ఘాతీయంగా తగ్గుతుంది. పెద్దవారిలో నిరోధం మిల్లీలీటరు ప్రవాహానికి సుమారు 1 మిల్లీమీటరు పాదరస సెకను, సాగుదల మిల్లీమీటరు పాదరసానికి సుమారు 1.5 మిల్లీలీటర్లు అనుకుందాం. రెండింటినీ గుణిస్తే 1.5 సెకన్ల కాలం వస్తుంది. పీడనం ఎంత త్వరగా తగ్గుతుందో చెప్పే దీనిని కాల స్థిరాంకం అంటారు. కవాటం మూసుకునేటప్పుడు పీడనం 100 ఉంటే, అర సెకను తరువాత అది దాదాపు 72 ఉంటుంది. అంతలో మరో స్పందన వస్తుంది. అంటే బీపీ యంత్రం చూపే కింది అంకెను రెండే రాశులు దాదాపుగా పట్టుకున్నాయి.

వయసుతో గోడ బిరుసెక్కి సాగుదల సగానికి తగ్గితే ఆ కాలం 0.75 సెకన్లు అవుతుంది, అదే 100 నుంచి అర సెకనులో 51కి పడుతుంది. సగటు పీడనం మారకుండా పై అంకె పెరిగి, కింది అంకె తగ్గడాన్ని ఇది వివరిస్తుంది. స్థలం అన్న భావనే లేకపోవడం ఈ నమూనాకున్న పరిమితి: పీడనం అన్నిచోట్లా ఒకేసారి మారుతుందని ఇది భావిస్తుంది.

నాడి తరంగాన్ని లెక్కించాలంటే ఏం చేయాలి?

ధమని పొడవు వెంబడి మాత్రమే మార్పును చూసే ఏకమితీయ నమూనా కావాలి. ఆయిలర్ 1775లోనే ఈ సమీకరణాలను రాశాడు, కానీ అవి అచ్చయినది ఆయన మరణించాక చాలా కాలానికి, 1862లో. మొదటి సమీకరణం ద్రవ్యరాశి నిత్యత్వాన్ని, రెండోది ద్రవ్యవేగ నిత్యత్వాన్ని తెలుపుతాయి. మూడోది గోడ స్వభావాన్ని చెబుతుంది, అంటే పీడనం ఇంత పెరిగితే అడ్డుకోత వైశాల్యం ఎంత పెరుగుతుందో చెప్పే సంబంధం. నాళం రెండుగా చీలే చోట వచ్చిన రక్తమంతా రెండు శాఖలలోకీ వెళ్లాలన్న షరతు, మొత్తం పీడనం సమానంగా ఉండాలన్న షరతు కలుపుతాము. 1980లో అవోలియో శరీర ధమనీ వ్యవస్థను 128 ఖండాలుగా విడదీసి ఇచ్చిన వివరాలను నేటికీ చాలామంది వాడుతున్నారు.

తరంగ వేగాన్ని రాసి ఇచ్చే సూత్రాన్ని 1878 నాటి ఇద్దరు శాస్త్రవేత్తల పేరుతో మోయెన్స్–కోర్టెవేగ్ సూత్రం అంటారు. గోడ యంగ్ గుణకాన్ని (గోడ పదార్థం ఎంత బిరుసో చెప్పే కొలతను) గోడ మందంతో గుణించి, రక్తం సాంద్రతతోనూ నాళం వ్యాసంతోనూ భాగించి వర్గమూలం తీయాలి. గుణకం 0.4 మెగాపాస్కల్, మందం 2 మిల్లీమీటర్లు, వ్యాసం 25 మిల్లీమీటర్లు అయితే వేగం సెకనుకు సుమారు 5.5 మీటర్లు. బృహద్ధమనిలో రక్తం సగటు వేగం సెకనుకు 20 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. మణికట్టు దగ్గర వేలికి తగిలేది తరంగమే గానీ ఆ క్షణంలో గుండె వదిలిన రక్తం కాదు. చదువుకున్నవారు కూడా తరచు పొరబడే విషయం కాబట్టి దీనిని నొక్కి చెబుతున్నాను.

వేగం రెట్టింపు కావాలంటే గోడ బిరుసుదనం నాలుగు రెట్లు కావాలి. తొడ వైపు నుంచి పరావర్తనం చెంది వచ్చే తరంగం రానూపోనూ ఒక మీటరు దూరం ప్రయాణిస్తుందనుకుంటే, సెకనుకు 5 మీటర్ల వేగంతో 0.2 సెకన్లలో, 10 మీటర్ల వేగంతో 0.1 సెకనులో గుండె దగ్గరకు తిరిగి చేరుతుంది. గుండె రక్తాన్ని నెట్టే వ్యవధి సుమారు 0.3 సెకన్లే. కాబట్టి గోడ బిరుసెక్కినప్పుడు వెనుదిరిగిన తరంగం సరిగ్గా గుండె బలంగా నెడుతున్న వేళ ఎదురై దాని మీద భారం పెంచుతుంది. కెరోటిడ్, ఫిమోరల్ ధమనుల మధ్య వేగం సెకనుకు 10 మీటర్లు దాటితే దానిని ప్రమాద సూచికగా వైద్యులు పరిగణిస్తారు.

మరి త్రిమితీయ నమూనా ఎప్పుడు అవసరం?

ప్రవాహం ఎక్కడ సుడి తిరుగుతోంది, గోడలోని ఏ భాగం మీద ఎంత ఒరిపిడి పడుతోంది, స్టెంట్ (ఇరుకైన ధమనిని తెరిచి ఉంచే జాలీ గొట్టం) తీగల వెనుక రక్తం నిలిచిపోతోందా వంటి ప్రశ్నలకు అవసరం. అప్పుడు సీటీ లేదా ఎంఆర్ఐ చిత్రాల నుంచి ధమని ఆకృతిని గీసి, దాని లోపలి భాగాన్ని లక్షల చిన్న గడులుగా విభజించి (ఈ గడుల అల్లికను మెష్ అంటారు), ప్రతి గడిలోనూ ద్రవ చలనాన్ని వర్ణించే నేవియర్–స్టోక్స్ సమీకరణాలను పరిష్కరించాలి. చేతి ధమనిలో పీడనం ఎంత ఉంటుందన్న ప్రశ్నకు ఇంత బలగాన్ని దించడం వృథా. ఏకమితీయ నమూనా దానికి తక్కువ శ్రమతో సమానమైన జవాబు ఇస్తుంది.

ధమని గోడను కదలనివ్వాలా, స్థిరంగా ఉంచవచ్చా?

ప్రశ్నను బట్టి ఉంటుంది. కరోనరీ ధమనిలోని ఇరుకు దగ్గర పీడనం ఎంత పడుతుందో తెలుసుకోవడానికి స్థిరమైన గోడ చాలు. బృహద్ధమని వ్యాసం మాత్రం యువకులలో ప్రతి స్పందనకూ 10 శాతం దాకా మారవచ్చు. అక్కడ గోడను బిగించేస్తే తరంగ వేగం అనంతమైపోతుంది, శాఖలన్నీ ఒకే క్షణంలో స్పందిస్తాయి.

గోడను కదిలించదలచినవారికి రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది: విమానం రెక్క చుట్టూ గాలి ప్రవాహాన్ని లెక్కించేటప్పుడు ద్రవాన్ని ఒక ప్రోగ్రాముతో, ఘనపదార్థాన్ని మరో ప్రోగ్రాముతో వంతులవారీగా పరిష్కరించినా ఇబ్బంది రాదు, ఎందుకంటే గాలి చాలా తేలిక. రక్తం సాంద్రత, గోడ సాంద్రత దాదాపు సమానం. వంతులవారీ లెక్క ఇక్కడ కొన్ని అడుగులలోనే చెదిరిపోతుంది, కాలపు అడుగును తగ్గించినా ప్రయోజనం ఉండదు. రెండింటినీ ఒకే దశలో పరిష్కరించడమో, ప్రత్యేక పద్ధతులు వాడడమో తప్పదు. రెండోది: స్కాన్‌లో కనిపించే ధమని అప్పటికే రక్తపీడనంతో సాగి ఉంది. దానిని విశ్రాంతి ఆకృతిగా భావించి మళ్లీ పీడనం ప్రయోగిస్తే ఒకే గాలిని రెండుసార్లు ఊదినట్లు అవుతుంది. గోడలో ముందే ఉన్న ప్రతిబలాన్ని కనుగొని లెక్కలో చేర్చిన తరువాతే మొదటి స్పందనను నడపాలి.

హద్దు షరతుల గురించి ఇంతగా ఎందుకు చెబుతారు?

ఎందుకంటే జవాబులో అధిక భాగం అక్కడే నిర్ణయమవుతుంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉన్నవారు దీనిని చదవాలని కోరుతున్నాను.

శరీరంలోని నాళాలన్నింటినీ గీయలేము కాబట్టి ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు. కత్తిరించిన చివర అవతల ఏముందో సమీకరణాలకు తెలియదు, మనమే చెప్పాలి. నేను తొలినాళ్లలో కెరోటిడ్ చీలికను లెక్కించినప్పుడు రెండు శాఖల చివరలలోనూ పీడనం సున్నా అని పెట్టాను. మెష్ చక్కగా ఉంది, లెక్క సాఫీగా నడిచింది, రంగుల చిత్రాలు ఎంతో నమ్మకంగా కనిపించాయి. మెదడుకు వెళ్లే లోపలి శాఖకూ ముఖానికి వెళ్లే బయటి శాఖకూ రక్తం ఏ నిష్పత్తిలో పంచబడిందో చూసినప్పుడు గానీ తప్పు బయటపడలేదు. ఆరోగ్యవంతులలో లోపలి శాఖ దాదాపు మూడింట రెండు వంతులు తీసుకుంటుంది. నా లెక్కలో ఆ పంపకం పూర్తిగా నేను గీసిన నాలుగు సెంటీమీటర్ల నాళాల వెడల్పు మీదనే ఆధారపడింది.

అది ఎంత పెద్ద పొరపాటో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధం, 10 సెంటీమీటర్ల పొడవు గల కెరోటిడ్‌లో సెకనుకు 6.5 మిల్లీలీటర్ల రక్తం ప్రవహిస్తే, ప్వాజోయ్ సూత్రం ప్రకారం పీడనం పడిపోయేది సుమారు అర మిల్లీమీటరు పాదరసం మాత్రమే. మిగిలిన 90కి పైగా మిల్లీమీటర్లు కత్తిరించిన చివరకు అవతల, మనం గీయని చిన్న నాళాలలో ఖర్చవుతాయి. రక్తం పంపకాన్ని నిర్ణయించేవి ఆ నాళాలు. అందుకే ప్రతి చివరకూ ఒక మూడు రాశుల విండ్‌కెసెల్‌ను తగిలించడం నేటి ఆచారం: ఒక సాగుదల, ఒక పెద్ద నిరోధం, వాటికి ముందు తరంగాలు అనవసరంగా వెనుదిరగకుండా చూసే ఒక చిన్న నిరోధం. వెస్టర్‌హాఫ్ పేరుతో తెలిసిన ఈ ఏర్పాటుకు విలువలను రోగి బీపీ నుంచి, డాప్లర్ అల్ట్రాసౌండ్‌తో కొలిచిన ప్రవాహం నుంచి రాబట్టాలి.

కరోనరీ ధమనుల చివర ఇది కూడా చాలదు. గుండె ముడుచుకున్నప్పుడు కండరం తనలోని నాళాలను తానే నొక్కేస్తుంది కాబట్టి ఎడమ కరోనరీలోకి రక్తం ప్రధానంగా గుండె సడలినప్పుడే వెళుతుంది. ఆ నొక్కుడును కూడా చివరి షరతులో చేర్చకపోతే ప్రవాహపు రేఖ తలకిందులవుతుంది.

గోడ మీది షియర్ స్ట్రెస్‌కు అంత ప్రాధాన్యం ఎందుకు?

ప్రవాహం గోడను రాసుకుంటూ పోయేటప్పుడు పడే ఒరిపిడి అది. పైన చెప్పిన కెరోటిడ్‌కు సుమారు 1 పాస్కల్ వస్తుంది. రక్తపీడనం 13,000 పాస్కల్‌ల దగ్గర ఉండగా ఈ ఒక్క పాస్కల్ లెక్కలోనిదా అనిపించవచ్చు. కానీ ధమని లోపలి పొరలోని కణాలు దీనినే పసిగట్టి నాళాన్ని వెడల్పు చేయాలో సన్నం చేయాలో నిర్ణయించుకుంటాయి. కొవ్వు గడ్డలు ఎక్కువగా చీలికల బయటి అంచున, వంపుల లోపలి వైపున, అంటే ఒరిపిడి తక్కువగా ఉండి దిశ మార్చుకుంటూ ఉండే చోట పుడతాయి. అధిక ఒరిపిడి గోడను గాయపరుస్తుందని 1968లో ఫ్రై ప్రతిపాదించగా, తక్కువ ఒరిపిడి ఉన్న చోటే వ్యాధి మొదలవుతుందని కారో బృందం ఆ వెంటనే చూపింది. తరువాతి కొలతలు చాలావరకు కారో పక్షాన నిలిచాయి.

వైద్యంలో వీటిని నిజంగా వాడుతున్నారా?

వాడుతున్నారు. కరోనరీ ఇరుకు దాటిన తరువాత ఉన్న పీడనాన్ని, బృహద్ధమని పీడనాన్ని, ప్రవాహం గరిష్ఠంగా ఉన్నప్పుడు పోల్చే నిష్పత్తిని ఎఫ్ఎఫ్ఆర్ అంటారు. అది 0.80 లేదా అంతకంటే తక్కువైతే ఆ ఇరుకు గుండెకు రక్తాన్ని నిజంగా అడ్డుకుంటోందని భావిస్తారు. దీనిని కొలవడానికి మామూలుగా సన్నని తీగను ధమనిలోకి పంపాలి. సీటీ చిత్రం మీద త్రిమితీయ లెక్క చేసి అదే నిష్పత్తిని అంచనా వేసే పద్ధతికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో అనుమతి ఇచ్చింది.

పొట్ట భాగంలో బృహద్ధమని ఉబ్బిన సందర్భంలో పురుషులకు 5.5 సెంటీమీటర్ల వ్యాసాన్ని శస్త్రచికిత్సకు హద్దుగా వాడుతున్నారు. పీడనాన్ని వ్యాసార్ధంతో గుణించి గోడ మందంతో భాగిస్తే గోడలోని ప్రతిబలం వస్తుందని లాప్లాస్ సూత్రం చెబుతుంది. 16 కిలోపాస్కల్‌ల పీడనం, 2 మిల్లీమీటర్ల మందం అనుకుంటే, 1 సెంటీమీటరు వ్యాసార్ధం ఉన్నప్పుడు గోడలో ప్రతిబలం 80 కిలోపాస్కల్‌లు, 2.75 సెంటీమీటర్లకు పెరిగినప్పుడు 220. అయితే ఈ సూత్రం గొట్టం గుండ్రంగా ఉందని భావిస్తుంది. అసలు ఉబ్బు వంకరటింకరగా ఉంటుంది, గోడ మందం చోటుకో రకంగా ఉంటుంది. వ్యాసం ఒక్కదానినే చూడడం కంటే ప్రతిబలాన్ని లెక్కించి చూడడం మేలు అన్న వాదనకు ఆధారం ఇదే.

ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

మెష్‌ను రెండింతలు సన్నం చేసినా జవాబు మారకపోవడం మొదటి పరీక్ష. నిలకడ ప్రవాహానికి ప్వాజోయ్ ఫలితం, ఊగే ప్రవాహానికి వోమర్స్లీ ఫలితం రావడం రెండోది. స్పందనలు స్థిరపడేదాకా ఆగడం మూడోది: కాల స్థిరాంకం 1.5 సెకన్లు, స్పందన వ్యవధి 0.8 సెకన్లు అయితే మొదట ఊహించిన పీడనంలోని దోషం ఒక శాతానికి తగ్గడానికి సుమారు తొమ్మిది స్పందనలు పడతాయి. మూడు స్పందనలతో ఆపేసిన లెక్కలను నేను చాలా చూశాను.

ఇవన్నీ నెగ్గినా చిత్రం నుంచి వచ్చే దోషం మిగులుతుంది. వ్యాసార్ధం కొలతలో 5 శాతం పొరపాటు నిరోధంలో 20 శాతం అవుతుంది. సీటీ స్కాన్‌లో ఒక గడి సుమారు అర మిల్లీమీటరు. 3 మిల్లీమీటర్ల కరోనరీకి అడ్డంగా పడేవి ఆరు గడులే. కాబట్టి ఎఫ్ఎఫ్ఆర్ 0.79 అని ఒకే అంకె ఇవ్వడం కంటే, కొలతల దోషాన్ని లెక్క గుండా నడిపి అది ఏ రెండు విలువల మధ్య ఉండవచ్చో చెప్పడం వైద్యుడికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

నేర్చుకోవాలనుకునేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండు రాశుల విండ్‌కెసెల్‌తో మొదలుపెట్టాలి. ఏ ప్రోగ్రామింగ్ భాషలోనైనా ఇరవై పంక్తులకు మించదు. స్పందనకు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని 0.3 సెకన్లలో పంపి, పైన ఇచ్చిన విలువలతో పది స్పందనలు నడిపి పీడన రేఖను గీయండి. తరువాత సాగుదలను సగం చేసి మళ్లీ గీయండి. ఆ పైన ఒకే గొట్టానికి ఏకమితీయ నమూనా, తరువాత ఒక చీలిక. త్రిమితీయ లెక్కకు స్కాన్ నుంచి ఫలితం దాకా అన్ని దశలనూ కలిపి ఇచ్చే సిమ్‌వాస్క్యులర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దానిని తెరిచిన రోజున, రంగుల చిత్రం చూడడానికి ముందు, ప్రతి చివర నుంచి ఎంత రక్తం బయటికి వెళుతోందో ఒక కాగితం మీద రాసి కూడి చూడండి.